షేరా, పురుషుడు, ఆరేళ్ళు

ఆగస్టు 9

ప్లేట్‌లెట్లు, ప్లేట్‌లెట్లు, ప్లేట్‌లెట్లు. పొద్దున్న ఆరు నుంచి వైశాలి కాలనీల్లో తిరిగిన ఇళ్ళన్నిటిలో అదే. ఒక్క దోమ కుడితే చాలు, ల్యాబ్ యాప్‌లో బుకింగ్. తలుపు తీసినవాడు నా మొహం చూడడు. "శాంపిల్‌వాలీ ఆయీ హై" అని, అంటే శాంపిల్ తీసే పిల్ల వచ్చిందని, లోపలికి కేక వేస్తాడు. మూడేళ్ళుగా నా పేరు అదే. కెజియా అని ఐడీ కార్డు మీద ఉంది, ఎవరు చదివారు?

"ఏమీ తినలేదు కదా అంకుల్?" అంటే "బిల్కుల్ ఖాళీ కడుపు" అన్నాడు ఒకాయన. మీసాల్లో బిస్కెట్ పొడి. ఫాస్టింగ్ అని రాసుకున్నాను. నమ్మలేదు.

ఆఖరి అడ్రసు ఇల్లు కాదు, జంతువుల క్లినిక్. జ్వరం డాక్టరుకే. త్యాగి మేడమ్ కుక్కల బల్ల పక్కన కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. నరం లోతుగా ఉంది, కంటికి కనబడదు. వేలితో వెతికి ఒక్క పోటుకే తీశాను. ఆవిడ సూది వైపు కాదు, నా వేళ్ళ వైపు చూస్తోంది.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా అమ్మ చేతి మీద. ఆమె నర్సు."

"నా దగ్గరికి వచ్చెయ్. వెటర్నరీ టెక్నీషియన్‌గా. ఇలాంటి చెయ్యి కోసమే చూస్తున్నా."

ఒక్క సూదికి ఉద్యోగమా! ఒళ్ళు కాలిపోయే జ్వరంలో అన్న మాట. పొగిడేవాళ్ళకి ఏదో కావాలి. ఈవిడకేం కావాలో.

ఆగస్టు 11

మెసేజ్ వచ్చింది. జ్వరం తగ్గిందట, మాట మారలేదట. బుధవారం ఒకసారి వచ్చి చూసి వెళ్ళమంది. బుధవారం నా సెలవని ఆవిడకెలా తెలుసు?... నేనే చెప్పి ఉంటాను. చెప్పానా?

ఆగస్టు 13

వెళ్ళాను. చూడ్డానికే.

క్లినిక్‌లో ఇంకొకాయన ఉన్నాడు. పాస్వాన్ భయ్యా. మా నాన్న బతికుంటే ఆ వయసు. మోచేతుల దాకా పళ్ళ గాట్లు, గోళ్ళ గీతలు. మేడమ్ పరిచయం చేసింది: "మా హెల్పర్." పదకొండేళ్ళుగా హెల్పరట. పదకొండేళ్ళలో ఇంకో మాట దొరకలేదు ఈయనకి.

ఒక లాబ్రడార్‌కి రక్తం తీయాలి. "తీస్తావా?" అంది మేడమ్. తీస్తానన్నాను, తగ్గడం ఇష్టం లేక. దాని ముందు కాలికి నా రబ్బరు బెల్టు కట్టాను. అలవాటు చొప్పున కుక్కతో అనేశాను — "ముట్ఠీ బంద్ కీజియే." పిడికిలి బిగించండి అని. అండీ కూడా!

పాస్వాన్ భయ్యా నవ్వి నవ్వి గోడ పట్టుకున్నాడు. "బిటియా, అది నమస్తే కూడా పెడుతుంది, అడుగు."

తల కొట్టేసినట్టయింది. కానీ తర్వాత జరిగింది రాయాలి. ఆయన కుక్కని ఛాతీకి ఆనించుకున్నాడు, ఒక చెయ్యి దవడ కింద, ఇంకో చెయ్యి ముందు కాలి మోచెయ్యి వెనక. నా బెల్టు తీసేయమన్నాడు. బొటనవేలు అడ్డంగా వేసి, నొక్కి, కొంచెం బయటికి తిప్పాడు. నరం తాడులా లేచి నిలబడింది. అంతవరకు అది చర్మం కింద అటూ ఇటూ జారుతోంది, నాకు దొరకనే లేదు.

మూడేళ్ళు సూది నాదే గొప్ప అనుకున్నాను. నరాన్ని నిలబెట్టేది పట్టుకున్నవాడు.

వచ్చింది. మొదటి పోటుకే. మేడమ్ "షాబాష్" అంది — నాతో. ఆయనతో కాదు.

సంతోషం అని రాయను. వేళ్ళలో ఏదో ఉంది, ఇంకా పోలేదు.

ఆగస్టు 14

అమ్మకి చెప్పాను. ఐసీయూ డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు బకెట్లో పెట్టుకుని ఉంది.

"ఏందే, నర్సింగు చదవమంటే పారిపోయినావు. ల్యాబన్నావు, సరేనన్నా. ఇప్పుడు కుక్కలా? మనుషులకి చేసే చెయ్యే అది."

"మనుషులు ఎవరూ థాంక్స్ చెప్పలేదులే."

"కుక్కలు చెప్తయ్యా?"

చెప్పవు. కానీ మర్నాడు కనబడతాయి. ల్యాబ్‌లో ట్యూబు డబ్బాలో వేశాక ఆ మనిషి ఏమయ్యాడో నాకు ఎప్పటికీ తెలీదు. చచ్చాడా, లేచి తిరుగుతున్నాడా. మూడేళ్ళలో ఒక్క రిపోర్టు చూడలేదు నేను. ఇది అమ్మకి చెప్పలేదు.

ఆగస్టు 17

చర్చిలో అమ్మ నా సంగతి ప్రార్థన అంశంగా ఇచ్చేసింది. స్త్రీల కూటమిలో, మైకులో. "మా కెజియా ఉద్యోగ విషయంలో తొందరపడి తప్పు నిర్ణయం తీసుకోకుండా..." తప్పు అని ముందే రాసేసింది దేవుడికి. ఆమెన్ అనేలోపే సలోమి ఆంటీ నా పక్కకి జరిగింది.

"డాగ్ నర్సంట గదా అమ్మా? మంచిదే. యేసయ్య కూడా పశువుల పాకలోనే పుట్టాడు." నవ్వు.

"అవునాంటీ. ఆ పాకలో ఆవులైనా నోరు మూసుకుని ఉన్నాయి."

అమ్మ నా వైపు చూడలేదు మెట్రో ఎక్కేదాకా.

ఆగస్టు 20

కరోల్ బాగ్. ఐఏఎస్ కోచింగ్ బోర్డుల మధ్య, మెట్లెక్కి మూడో అంతస్తు. వెటర్నరీ టెక్నీషియన్ డిప్లొమా. కౌన్సెలరట, టై కట్టుకుని కూర్చున్నాడు.

"హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ మేడమ్."

"జంతువు ఎక్కడుంది?"

"జీ?"

"జంతువుల కోర్సు కదా. జంతువు ఎక్కడ?"

పక్క గదిలోకి తీసుకెళ్ళాడు. ప్లాస్టిక్ కుక్క. ఒక చెవి లేదు. దాని వీపు మీద ఎవరిదో టిఫిన్ డబ్బా.

"ప్రాక్టికల్ అంతా వీడియోలో ఉంటుంది మేడమ్. ఇంట్లోనే చూసుకోవచ్చు."

"ఈ సర్టిఫికెట్ ఎవరు ఒప్పుకుంటారు?"

"అందరూ."

"ఒకరి పేరు చెప్పండి."

నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. లేచి వచ్చేశాను.

కోపం మెట్రోలో సగం దూరానికి దిగిపోయింది. ఎందుకంటే నా ల్యాబ్ డిప్లొమా కూడా ఇలాంటి మెట్ల మీద నుంచే వచ్చింది. నాలుగు రోజులు వెళ్ళాను మొత్తం కలిపి. పరీక్షలో జవాబులు వాళ్ళే బోర్డు మీద రాశారు. నిజంగా నేర్చుకున్నది మా వంటింట్లో, అమ్మ ఎడమ చేతి మీద. నీలం మచ్చలు పడితే పూర్తి చేతుల స్వెటర్ వేసుకుని డ్యూటీకి వెళ్ళేది. కాగితం అలాంటి మూడో అంతస్తుది, చెయ్యి అమ్మది. ఎవరిని చూసి నవ్వాను నేను?

మన తెలుగు ఊళ్ళవైపు గవర్నమెంటు పశువుల డిప్లొమా ఉంది, అసలైనది. పదో తరగతి కాగానే చేరాలి. నా వయసు దాటిపోయింది. ఫోన్లో అది చదివే సరికి వైశాలి వచ్చేసింది, ఆఖరి స్టేషను, అందరూ దిగారు.

ఆగస్టు 22

కుక్కలు అబద్ధం చెప్పవు అని క్లినిక్ గోడ మీద పోస్టర్. చెప్తాయి. నిన్న సాయంత్రం ఒకటి ఇంటి నుంచి కుంటుకుంటూ వచ్చింది, బల్ల కనబడగానే నాలుగు కాళ్ళ మీద కవాతు చేసింది. దాన్ని తెచ్చినావిడ "నిజంగా డాక్టర్ జీ, పొద్దుటి నుంచి కుంటుతోంది" అని ఏడుపు మొహం పెడితే, అది తోక ఊపుతోంది. పాస్వాన్ భయ్యా దాన్ని వీధిలోకి తీసుకెళ్ళి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. ఎవరూ చూడట్లేదు అనుకుని అది మళ్ళీ కుంటింది.

డ్యూటీ అయిపోయాక రోజూ అక్కడికే వెళ్తున్నాను. ఎవరూ రమ్మనలేదు. రాసుకుంటున్నా, దాచడం ఎందుకు.

ఆగస్టు 26

ఇవాళ ఒక పని చేశాను.

క్లినిక్ రక్తం మెషీను పాడైంది. షేరా అని దేశీ కుక్క, రిటైరైన మల్హోత్రా అంకుల్ పెంచుకుంటున్నాడు. పిడుదుల జ్వరం, చిగుళ్ళు తెల్లబడ్డాయి. ప్లేట్‌లెట్లు చూడాలి, వెంటనే. మేడమ్ ల్యాబ్‌లో ఇంకా ఇవ్వని ట్యూబులున్న నా బ్యాగు వైపు చూసింది.

"మీ ల్యాబ్‌కే వెళ్తున్నావుగా కెజియా."

"మాది మనుషుల ల్యాబ్ మేడమ్."

"రక్తం రక్తమే. చాలామంది చేస్తారు."

పాస్వాన్ భయ్యా ట్యూబు నా చేతిలో పెట్టాడు, కళ్ళు దించుకుని. బయటికి వచ్చాక నెమ్మదిగా అన్నాడు — "మనుషుల మెషీను కుక్క లెక్క ఒక్కోసారి తప్పుతుంది. గాజు పలక మీద చుక్కేసి మైక్రోస్కోపులో కూడా చూడాలి. మేడమ్‌కీ తెలుసు."

తెలిసి ఎందుకు పంపింది? తెలిసి నేనెందుకు తీసుకున్నాను?

యాప్‌లో వయసు, లింగం నింపకుండా ముందుకు పోదు. ఖాళీ వదిలే అలవాటు నాకూ లేదు. నింపాను. షేరా. పురుషుడు. ఆరేళ్ళు. ఫోన్ నంబరు, అంకుల్‌ది.

ఆవిడకి కావలసింది ఇదేనేమో మొదటి నుంచీ. నా చెయ్యి కాదు, నా బ్యాగు.

ఆగస్టు 27

నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ఆరేళ్ళ పిల్లాడికి ప్లేట్‌లెట్లు అంత తక్కువ అంటే ల్యాబ్‌లో గంట మోగినట్టే. పెద్ద డాక్టరే మల్హోత్రా అంకుల్‌కి ఫోన్ చేశాడట. అంకుల్ సాయంత్రం క్లినిక్‌కి వచ్చి చెవి మెషీను సవరించుకుంటూ మొత్తం చెప్పాడు.

"బాబు ఎలా ఉన్నాడు అన్నాడు. బల్ల కింద పడుకున్నాడు అన్నా. బల్ల కిందా? ఏం చేస్తున్నాడు? నా చెప్పు నములుతున్నాడు అన్నా. అరే, ఆయన అరిచేశాడు బేటా! వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, జ్వరం మెదడుకెక్కింది అని! నేను అన్నా — లేదు డాక్టర్ సాబ్, వీడు చిన్నప్పటి నుంచీ నములుతాడు."

మేడమ్ నవ్వింది. నేనూ నవ్వాను. పాస్వాన్ భయ్యా నవ్వలేదు. షేరాకి డ్రిప్ పెట్టి, దాని తల తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆగస్టు 29

ల్యాబ్ నుంచి ఫోన్. గౌరవ్ సర్, మా ఇన్‌ఛార్జి. "సోమవారం ఆఫీసుకి రా. షేరా ఎవరు?"

సెప్టెంబరు 1

అంకుల్‌కి మళ్ళీ ఫోన్ చేసి కుక్క సంగతి, క్లినిక్ సంగతి రాబట్టారట. కాగితం ముందే టైపు చేసి పెట్టారు. "నాకు తెలియకుండా, క్లినిక్ సిబ్బంది నన్ను మోసగించి జంతువు శాంపిల్‌ను మనిషి శాంపిల్‌గా నమ్మించి..." కింద గీత: శాంపిల్ ఇచ్చిన వ్యక్తి పేరు. ఇంకా కింద గీత: నా సంతకం.

"సంతకం పెట్టు, రేపటి నుంచి మామూలుగా పనికి రా. నీ మీద ఏమీ ఉండదు" అన్నాడు గౌరవ్ సర్. ఛాయ్ కూడా తెప్పించాడు. మూడేళ్ళలో మొదటి ఛాయ్.

"క్లినిక్ మీద?"

"అది మేం చూసుకుంటాం. ఎవరిచ్చారు నీ చేతికి?"

నా చేతికి ఇచ్చింది పాస్వాన్ భయ్యా. నిజమే అది. నిజం కూడా ఎంత పనికిరాకుండా ఉంటుందో. శుక్రవారం దాకా టైమడిగాను.

పదకొండేళ్ళలో ఆయన పేరు ఒక కాగితం మీద పడబోతోంది, అదీ దీని మీద.

సెప్టెంబరు 2

మేడమ్ దగ్గరికి వెళ్ళి కాగితం సంగతి చెప్పాను. తలుపు వేసింది.

"ఎలాగూ వదిలేసే ఉద్యోగమే కదా అది. ట్యూబులు మారిపోయాయని చెప్పెయ్. నీ పొరపాటని. అంతటితో అయిపోతుంది. ఇక్కడ చేరిపో."

వీళ్ళిద్దరూ ఒకే కాగితానికి చెరో వైపు. ల్యాబ్ అంటుంది, వాళ్ళు మోసం చేశారని చెప్పు. ఈవిడ అంటుంది, నువ్వే తప్పు చేశానని చెప్పు. తెలిసి చేశానన్న మాట ఎవరికీ వద్దు.

ఇంకో మాట అంది, లేచి వస్తుంటే. "నీ డిప్లొమా ఒరిజినల్ తీసుకురా. ఫ్రేమ్ కట్టించి ఇక్కడ పెడదాం. కింద బోర్డు — టెక్నీషియన్." గోడ మీద చోటు కూడా చూపించింది. మేకు కొట్టి ఉంది అప్పటికే.

మనుషుల రక్తం డిప్లొమా, నాలుగు రోజుల డిప్లొమా, కుక్కల బల్ల మీద! దాని కింద పాస్వాన్ భయ్యా నిలబడి పని చేస్తాడు. గోడకి నా కాగితం, బల్ల దగ్గర ఆయన చేతులు. ఇప్పుడు అర్థమైంది ఏం కావాలో.

లేక అది కూడా నా అనుమానమేనా? ఆ రోజు నా వేళ్ళనే చూసింది కదా, కాగితం ఉందో లేదో కూడా తెలీకముందు.

సెప్టెంబరు 3

క్లినిక్ ఎదురు బండి దగ్గర పాస్వాన్ భయ్యా, నేను. ఆయన బ్రెడ్ పకోడా సగం తుంచి ఇచ్చాడు. అడిగేశాను.

"టెక్నీషియన్ అని మీ పేరు ఉండాలి. నాది కాదు. నేను మేడమ్‌తో మాట్లాడతా."

పకోడా ముక్క మింగి, చేతులు దులుపుకున్నాడు. తర్వాత — "నా మీద నీకేం కోపం బిటియా?"

"కోపమా? మీ కోసమే —"

"ఎనిమిది చదివాను నేను. పేరు రాస్తే చదువేదని అడుగుతారు. ఏదైనా కుక్క బల్ల మీద పోతే ముందు పేరున్నవాడి కాలరే పట్టుకుంటారు. నా పేరు ఎక్కడా లేదు, అందుకే పదకొండేళ్ళు ఉన్నాను. ఉండనీ."

ఆయనకి న్యాయం చేయాలనుకున్నానా, నా మనసు శుభ్రం చేసుకోవాలనుకున్నానా?

ల్యాబ్ కాగితం సంగతి ఆయనకి చెప్పలేదు. అందులో పేరు కోసం గీత ఉందని చెప్పలేదు.

పని నేర్పుతారా, అని మాత్రం అడిగాను. "నేర్పుతూనే ఉన్నా కదా" అన్నాడు.

సెప్టెంబరు 4

అమ్మ కాగితం చదివింది, కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు.

"పెట్టెయ్. ఒక్క సంతకం. నీకేం పోయింది?"

"పేరు రాయాలి."

"ఎవరిది?"

"నాకు పట్టుకోవడం నేర్పినాయనది."

కాగితం మడిచి నా ఒళ్ళో పెట్టింది. "పెడితే పెట్టు, మానితే మాను. పెట్టొచ్చి మాత్రం నా ఎదురుగ్గా ఆ మొహం ఏసుకుని కూసోబాక. నేను సూడలేను."

సెప్టెంబరు 5

చెప్పేశాను. గీతలు ఖాళీగా వదిలి, వెనక వైపు నా చేత్తో రాశాను. కుక్క అని నాకు తెలుసు. వయసు, లింగం నేనే నింపాను. ఇంకెవరి పేరూ రాయను.

గౌరవ్ సర్ చదివి, తల ఎత్తి, మళ్ళీ చదివాడు. "పాగల్ హై క్యా? తెలీదని రాయమంటే తెలుసని రాస్తావా? నిన్ను కాపాడదామనుకుంటుంటే!"

"నన్నా సర్?"

ఐడీ కార్డు తీసుకున్నారు. బ్యాగు తీసుకున్నారు. లోపల వస్తువులు లెక్కపెట్టుకున్నారు, నేను దూది ఎత్తుకుపోతానన్నట్టు. ఛాయ్ లేదు.

మెట్లు దిగుతూ మేడమ్‌కి ఫోన్ చేశాను.

"చెప్పేశాను మేడమ్. తెలిసే చేశానని. క్లినిక్‌కి కూడా ఫోన్ రావచ్చు. ఇప్పుడు కూడా రమ్మంటారా?"

అటువైపు ఏదో కుక్క మొరుగుతోంది. దాన్ని పట్టుకోమని ఆవిడ ఎవరికో చెప్పింది.

"సోమవారం రా. మాట్లాడదాం."

మొన్న చేరిపో. ఇవాళ మాట్లాడదాం.

సెప్టెంబరు 6

షేరా లేచి తిరుగుతోందట. మల్హోత్రా అంకుల్ ఫొటో పంపాడు. దాని నోట్లో ఇంకో చెప్పు.

మూడేళ్ళలో నాకు తెలిసిన మొదటి రిపోర్టు.

సెప్టెంబరు 7

చర్చి. ప్రార్థన అంశాలు అడిగారు. అమ్మ చెయ్యెత్తలేదు. సలోమి ఆంటీ మా వైపు తిరిగి మరీ చూసింది.

బయటికి వచ్చాక నేనే అడిగాను, ఈసారి ఇవ్వలేదేం అని.

"ఏమని ఇవ్వను? ఆ పని రావాలనా, రాకూడదనా? నువ్వేం కోరుకుంటన్నావో నాకు సెప్పినావా ఎప్పుడన్నా?"

చెప్పలేదు. వద్దనుకోవడానికి కారణాలు పేజీల నిండా రాశాను. కావాలి అన్న మాట ఒక్కసారైనా రాశానా?

కావాలి. మేడమ్ ఎలాంటిదైనా, గోడ మీద ఏ కాగితం ఉన్నా, లేకపోయినా. ఆ పని కావాలి నాకు.

ఇది రాశాక ఇంకా భయంగా ఉంది.

సెప్టెంబరు 8

పదిన్నరకి రమ్మంది. పదకొండు దాటింది. మేడమ్ రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. క్లినిక్ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. గోడ మీద మేకు అలాగే ఉంది. పాస్వాన్ భయ్యా నేల తుడుస్తున్నాడు. మేడమ్ ఏమన్నారు అని అడిగాను. "నాకు ఎవరు చెప్తారు బిటియా" అన్నాడు. నిజమో, తప్పించుకున్నాడో. ల్యాబ్ వాళ్ళు ఇక్కడికి ఫోన్ చేశారా అని అడిగాను. తుడుస్తూనే ఉన్నాడు.

ఒకావిడ వచ్చింది, చున్నీలో చుట్టిన పగ్‌తో. దానికి ఊపిరి గురగురమంటోంది. ఆవిడ రెండు గదులూ చూసి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"డాక్టర్ జీ లేరా? మీరు ఇక్కడి టెక్నీషియనా?"

నేల తుడిచే కర్ర ఆగింది. ఆయన తలెత్తలేదు.

"తెలీదు" అన్నాను.

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసి, కుక్కని ఇంకాస్త గట్టిగా గుండెకి హత్తుకుంది. పాస్వాన్ భయ్యా కర్ర గోడకి ఆనించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కుళాయి కట్టకుండా, నాకు చోటిచ్చి పక్కకి జరిగి, నా వైపు చూస్తున్నాడు.